శైలజ తాళమేసిన ఫొటోలు

సిద్దిపేటలో నరహరి ఇంట్లో ప్రతి ఆదివారం టిఫిన్లు అయ్యాక ఒక తంతు నడిచేది. నరహరి ల్యాప్‌టాప్ తెరిచి, చనిపోయిన మొదటి భార్య శైలజ చేసిపెట్టిన స్లైడ్‌షో చూసుకునేవాడు. ముప్పై రెండు ఫొటోలు, వాటి వెనక ఆమె కూనిరాగం. రెండో భార్య సుచిత్ర అదే గదిలో బట్టలు మడతపెడుతూ వినాలి. పెళ్లై ఎనిమిది నెలలు. బతికున్న సవతి అయితే ఎదురుగా నిలబడి తేల్చుకునేదే. చచ్చినదానితో ఏం పోట్లాడుతుంది? కడుపు మండిపోయేది.

ఆ బుధవారం నరహరి పనిమీద హుస్నాబాద్ వెళ్లాడు. అత్త కొండవ్వ వంటింట్లో ఉంది. మబ్బు కమ్మి మధ్యాహ్నం మూడింటికే ఇల్లంతా చీకటైంది. మర్నాడు శైలజ సంవత్సరీకం. పటం ముందు పెట్టడానికి గొల్లభామ చీర తెచ్చి ఉంచారు. ముందు చచ్చినామెకు పెట్టాలి, ఆ తర్వాతే రెండో భార్య కట్టుకోవాలి. ఆ ఇంటి ఆచారం అది.

'ఎప్పుడూ దాని తర్వాతేనా నేను?' అనుకుంది సుచిత్ర. చీర మడత విప్పి కట్టేసుకుంది. గంజి వాసన గుప్పుమంది. ఫోనులో వరసగా ఫొటోలు దిగి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. శైలజను తీసేసి తనను పెట్టాలి. ఆదివారం మొగుడు కళ్లప్పగించి తననే చూడాలి.

ముందుగా ఫోల్డర్లోని పాట ఫైలు తీసేసింది. షో పెడితే కూనిరాగం ఎప్పటిలాగే వచ్చింది. పాటను స్లైడ్లలోనే పొదిగేసిందన్నమాట. మార్చబోతే పాస్‌వర్డ్ అడిగింది. అది లేనివాళ్లు చూడొచ్చు, ముట్టుకోకూడదు. ఎంత జాగ్రత్తో మహాతల్లికి! నరహరి పేరు కొట్టింది. తప్పంది. వాళ్లిద్దరి పెళ్లి తేదీ కొట్టింది. తప్పంది. ఒళ్లుమండి తన పేరే కొట్టింది.

తెరుచుకుంది.

అది శైలజ నాలుగేళ్ల కింద వేసిన తాళం. అప్పటికి సుచిత్ర అనే మనిషి ఉన్నట్టు ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు...

అక్కడే లేచి వెళ్లిపోవాల్సింది. కానీ అసూయ మనిషిని కుర్చీలోంచి లేవనిస్తుందా? ఒక్కో ఫొటో తీసి తనది పెట్టింది. స్లైడు మీదున్న పాట గుర్తును కూడా చెరిపేసింది. కొత్త పాస్‌వర్డ్ వేసి భద్రం చేసి, షో నొక్కింది.

తెరమీద తన ముఖం. పాట లేదు. హాయిగా ఊపిరి తీసుకుంది. బయట వాన మొదలైంది. గంజి వాసన ఇంకా చిక్కబడింది. వాన చప్పుడు కింద ఇంకేదో...

కూనిరాగం.

ల్యాప్‌టాప్ గొంతు తగ్గించింది. ఆగలేదు. మూసేసింది. ఆగలేదు. భయంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది... ఆగిపోయింది. చెయ్యి తీసింది. మళ్లీ మొదలైంది... తన పెదవుల మీదే.

గబగబా ల్యాప్‌టాప్ తెరిచింది. పాత ఫొటోలు మళ్లీ పెట్టేస్తే చాలు. ఇందాక తనే వేసిన పాస్‌వర్డ్ కొట్టింది. తప్పు. తన పేరు కొట్టింది. తప్పు. మళ్లీ... తప్పు. తెరమీద తన ఫొటోల షో మాత్రం తిరుగుతూనే ఉంది.

కొండవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంకా గీడనే కూసున్నవా? చాయ్ వెట్టిన, రా."

సుచిత్రకు ప్రాణం లేచొచ్చింది. బలవంతంగా రాగాన్ని మింగి, గుసగుసగా అంది. "అత్తమ్మా... నాకు బుగులైతుంది..."

"ఎందుకు బిడ్డా బుగులు? నేనున్న గద." కొండవ్వ తల నిమిరింది.

ఎనిమిది నెలల్లో ఆమె తనను ఒక్కసారి కూడా బిడ్డా అనలేదు. సుచిత్రకు ఏడుపొచ్చింది. అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొండవ్వ వంగి, కళ్లు చికిలించి తెర వంక చూసింది.

"గీ ఫొటోలల్ల పిల్ల ఎవ్వలే, శైలజా?"