మాస్టారికి జామీను

డాక్టర్ హైమవతి గారి పెట్టె మీద ముప్పై రెండు, ముప్పై మూడు దాకా వెళ్లిన అంకె మెల్లగా దిగి ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయింది. హాల్లో అందరూ "అయ్యయ్యో" అన్నారు.

ముప్పై ఒకటంటే ఏమిటో చెప్పాలి కదండీ! విశాఖ ఫుట్‌బాల్ లీగుకి ఆటగాళ్లను ఎంచుకునే రోజది. కాళ్ల సత్తా కెమెరాలు చెబుతాయి. నడత సంగతి ఈ పెట్టె చెబుతుంది. అందులో చెయ్యి పెడితే పది నిమిషాలు చిరాకు పుట్టించే ప్రశ్నలడిగి, నాడి, చెమట చూసి నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. నలభై దాటనివాణ్ణి తీసుకోవాలంటే ఎవరో ఒకరు జామీను ఉండాలి.

ఆ ముప్పై ఒకటి జాలరిపేట ఎల్లాజీది. ఇరవై రెండేళ్లు. బంతి వాడి కాలికి జిగురు పెట్టినట్టు అంటుకుంటుంది. కోపమూ అంతే. కిందటేడు ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడని లైన్స్‌మన్‌ని తోసేస్తే, ఆయన ముందు పన్ను ఊడింది.

"వీడికి జామీను ఎవరుంటారులే," అన్నాడు కోచ్ బెనర్జీ.

"నేనుంటానండీ," అంటూ వెనక వరసలో ఒకాయన లేచారు. నోట్లో ముందు పన్ను లేదు. ఆ లైన్స్‌మనే, సన్యాసిరావు మాస్టారు!

ఎల్లాజీ తల దించుకున్నాడు. "మీరా మాస్టారూ?"

"అది అప్పటికే కదులుతోందిలేరా. డాక్టరు దగ్గరికెళ్లే పని తప్పించావు."

హైమవతి గారు ఎల్లాజీ ఛాతీకి ఒక బిళ్ల అంటించారు, మాస్టారి మణికట్టుకి పట్టీ కట్టారు. ఒకరికి కోపం రేగితే రెండోవారికి అక్కడ వెచ్చబడుతుంది. ఇద్దరి వేడీ కలిపి గీత దాటితే గ్రౌండులో ఎర్రలైటు. వెలిగిందా, ఎల్లాజీకి ఇక లీగు లేదు.

"ఇద్దరిదీ కలపడమెందుకమ్మా?" అన్నారు మాస్టారు.

"జామీను ఉన్నవాళ్లకి కోపమెందుకొస్తుంది మాస్టారూ? మీ వాటా ఎప్పుడూ సున్నాయే," అని నవ్వారావిడ.

లీగు మొదలయ్యాక పట్టీ వెచ్చబడినప్పుడల్లా మాస్టారు స్టాండులో లేచి, అరచేతిని మెల్లగా కిందికి దించేవారు. నెమ్మదిరా, పది లెక్కపెట్టు అని. ఎల్లాజీ లెక్కపెట్టేవాడు. ఓసారి ఆటయ్యాక ఆయన చెయ్యి పట్టుకుని చూశాడు. "కాలిందా మాస్టారూ?"

"కొంచెం."

"ఇక రానివ్వన్లెండి."

ఆఖరి మ్యాచ్‌లో ఎల్లాజీ గోలు కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. గ్రౌండంతా బిక్కచచ్చిపోయింది. ఎల్లాజీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నాలుగు... ఐదు...

ఎర్రలైటు వెలిగింది!

హైమవతి గారు కంప్యూటరు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఎల్లాజీది పన్నెండే. మాస్టారిది తొంభై ఒకటి!"

స్టాండులో మాస్టారు బెంచీ ఎక్కి అరుస్తున్నారు. "అది ఆఫ్‌సైడా? కళ్లున్నాయా నీకు? నలభై ఏళ్లు జెండా పట్టినవాణ్ణి, నాకు చెబుతావా!" ఆ నలభై ఏళ్లలో ఏ జట్టు వైపూ మొగ్గని మనిషండీ!

తప్పు మాస్టారిది కాబట్టి ఆయన్ని పంపెయ్యాలన్నాడు రిఫరీ. ఆయన వెళితే జామీను పోయినట్టే, ఎల్లాజీ కూడా పోవాల్సిందే. మాస్టారు కిందికి దిగి వచ్చారు. "నీ ఆట నేనే చెడగొట్టానురా."

ఎల్లాజీ హైమవతి గారి వైపు తిరిగాడు. "మేడమ్, మాస్టారికి నేను జామీను ఉండొచ్చా?"

ఆవిడ రూల్సు పుస్తకం తిరగేశారు. కూడదని ఎవరూ రాయలేదు. జామీను ఉండేవాడికి నలభై దాటితే చాలన్నారు. ఆట ఆపి పెట్టె తెప్పించారు. ఎల్లాజీ చెయ్యి పెట్టాడు. పది నిమిషాలకి అంకె ఆగింది. అరవై రెండు! అక్కడే సంతకం పెట్టేశాడు.

ఆఖరి నిమిషం. బంతి ఎల్లాజీ కాలి దగ్గర, ఎదురుగా ఖాళీ గోలు. సరిగ్గా అప్పుడే ఛాతీ మీద బిళ్ల వెచ్చబడింది. వాడు టక్కున ఆగి, స్టాండు వైపు తిరిగి, అరచేతిని మెల్లగా కిందికి దించాడు.

"నెమ్మది మాస్టారూ. పది లెక్కపెట్టండి."

ఈలోగా బంతి ఎవడో పట్టుకుపోయాడు.

"ఒరేయ్, నీ ముప్పై ఒకటే నయంరా!" అని కోచ్ బెనర్జీ లబోదిబోమన్నాడు. స్టాండులో మాస్టారు మాత్రం పన్నులేని నోటితో నవ్వుతూ, ఆరు, ఏడు అని బుద్ధిగా లెక్కపెట్టుకుంటున్నారు.