వణకని డబ్బా

పైన డబ్బా మోగితే చాలు, కింద గోడకు వేలాడుతున్న గిటార్లన్నీ వంత పాడేవి.

కింద ఉన్నది గిటార్లు బాగుచేసే షాపు. షాపు తీగది. అసలు పేరు వేరే ఉన్నా, ఎప్పుడు చూసినా చేతిలో గిటారు తీగలతోనే కనబడుతుందని వీధి వీధంతా ఆమెను తీగ అనే పిలిచేది. పైగదిలో కొత్తగా అద్దెకు దిగినవాడు లిఫ్టులు రిపేరు చేసే కుర్రాడు. తన చేత్తో ప్లైవుడ్ కోసి చేసుకున్న సబ్‌వూఫర్ పెట్టెను ప్రాణంలా చూసుకుంటాడు గనుక, వచ్చిన వారానికే అతనికి డబ్బా అని పేరు పడిపోయింది.

ఆ సాయంత్రం బయట వాన. తీగ ఓ పాత గిటారును శ్రుతి చేస్తోంది. పైన "ధుమ్" అంది. ఆమె వేలు తగలకుండానే ఒళ్లో గిటారు "జుమ్" అంది. మళ్లీ ధుమ్, మళ్లీ జుమ్. తీగకు ఒళ్లు మండిపోయింది. రెండేసి మెట్లు ఎక్కి వెళ్లి తలుపు బాదింది.

"ఏమండీ, అది స్పీకరా, రోడ్డు రోలరా?"

తలుపు తీసిన డబ్బా తడబడ్డాడు. "సబ్‌వూఫరండీ. నేనే చేశాను."

"అది వింటుంటేనే తెలుస్తోంది."

"మెచ్చుకుంటున్నారా, తిడుతున్నారా?"

"మీకేది కావాలంటే అది తీసుకోండి."

అతను నవ్వాడు. తిట్టడానికి వెళ్లిన మనిషికి ఎదుటివాడి నవ్వు నచ్చకూడదు. నచ్చింది. ఆ కోపం కూడా అతని మీదే చూపించి కిందికి వచ్చేసింది.

ఆ తర్వాత తిట్టడానికి రోజూ ఏదో ఒక వంక దొరికేది. డబ్బా మోగని రోజున "ఏం, ఒంట్లో బాలేదా?" అని అడగడానికి ఎక్కేది.

ఇల్లు తీగ వాళ్లమ్మది. ఆవిడకు అంత ఓపిక లేదు. డబ్బా మోగినప్పుడల్లా ఆవిడ గదిలో అద్దాల బీరువా పళ్లు పటపటా కొరికేది. ఒకనాడు బీరువా మీదున్న పింగాణీ కప్పు వణుక్కుంటూ వణుక్కుంటూ అంచుదాకా జరిగి, కిందపడి ముక్కలైంది.

"ఆదివారానికల్లా గది ఖాళీ చెయ్యి బాబూ," అంది ఆవిడ. "వేరేవాళ్లకి మాటిచ్చేశాను."

తీగ గుండెల్లో రాయి పడింది. అతను వెళ్లిపోతే ఎవరిని తిట్టాలి? ఎవరి మెట్లెక్కాలి?

"అమ్మా, ఆ పెట్టె వణక్కుండా నేను చేస్తే?"

అమ్మ కూతుర్ని ఎగాదిగా చూసింది. "తిట్టేదీ నువ్వే, వెనకేసుకొచ్చేదీ నువ్వేనా? సరే. ఆదివారం నేనే పైకొచ్చి చూస్తా. వణికిందా, అతను వెళ్లాల్సిందే."

తీగ పైకెళ్లి పెట్టె పక్కను వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది.

"పెట్టె గోడలు పల్చన. స్పీకరు కొట్టినప్పుడల్లా అవి కూడా ఊగుతున్నాయి. లోపల చెక్క బద్దలు వెయ్యాలి."

"మీకొచ్చా?"

"గిటారు లోపల ఉండేవి బద్దలేగా? నాకది వెన్నతో పెట్టిన విద్య."

మంచి తేలిక చెక్క తెచ్చి, పల్చగా చెక్కి, విసనకర్ర పుల్లల్లా పరిచి అతికించింది. జిగురు ఆరాక ఠీవిగా "పాట పెట్టండి" అంది.

పెట్టాడు. పెట్టె ఇదివరకటి కంటే గట్టిగా, తియ్యగా, ఒకే స్వరాన్ని సాగదీసి పాడింది. కింద బీరువా దానికి తాళం వేసింది. "ఏమే!" అని అమ్మ కేక.

తీగ ముఖం మాడిపోయింది. "గిటారు బద్దలు చెక్కని ఆపడానికి కాదు, పాడించడానికి! చెయ్యి అలవాటు కొద్దీ దీన్నీ పాడించేశాను." జిగురంటిన వేళ్లు చూసుకుంది. "చేతులారా నేనే మిమ్మల్ని పంపించేస్తున్నాను."

"పంపించడం ఇష్టం లేదా?" అన్నాడు డబ్బా మెల్లగా.

"నేను మాట్లాడేది పెట్టె గురించి!"

"నేనూ పెట్టె గురించే."

శనివారం మధ్యాహ్నం ఆ బద్దలన్నీ పీకేశారు. డబ్బా మందపాటి ప్లైవుడ్ పలక మోసుకొచ్చాడు. "లిఫ్టు ఫ్రేము ఊగకుండా ఎదురెదురు పక్కల్ని ఒకదానికొకటి కట్టేస్తాం. ఇక్కడా అదే చేద్దాం." ఆ పలకను పెట్టె నాలుగు గోడలకూ తగిలేలా కోసి, గాలి ఆడేందుకు మధ్యలో కిటికీల్లా పెద్ద పెద్ద కంతలు తీశాడు. స్పీకరు వెనకుండే అయస్కాంతం ఆ పలకకు తగలట్లేదని లోపలికి దించి చూసుకున్నాడు.

"పలకని సరిగ్గా మధ్యలో పెట్టకండి," అంది తీగ. "అటూ ఇటూ ఒకే కొలత గోడ ముక్కలు మిగిలితే రెండూ ఒకే స్వరం అందుకుంటాయి. కొంచెం పక్కకి జరపండి."

జరిపాడు. జిగురు పూసి, మూత దించారు. జిగురు ఆరేదాకా అంత పెద్ద పెట్టెను బిగించి పట్టే క్లాంపులు ఇద్దరి దగ్గరా లేవు. చివరికి ఇద్దరూ ఎక్కి దాని మీదే కూర్చున్నారు.

"కదలకూడదు," అంది తీగ.

"ఎంతసేపు?"

"జిగురు పట్టేదాకా."

కిటికీ అవతల వాన అందుకుంది. భుజానికి భుజం తగులుతోంది. "ఈ జిగురు ఎప్పటికీ పట్టకపోతే బాగుండు," అన్నాడతను. తీగ చెవులు ఎర్రబడ్డాయి. జరగలేదు. జిగురు కోసమే అని తనకు తాను చెప్పుకుంది.

ఆదివారం అమ్మ నిండు కాఫీ కప్పుతో పైకొచ్చింది. ముందు పెట్టెను కణుపుతో కొట్టి చూసింది. బండరాయిలా టక్కుమంది. కప్పును దాని మీద పెట్టి, "ఇక కానివ్వు" అంది.

తీగ ఊపిరి బిగబట్టింది. డబ్బా మీట నొక్కాడు.

పాట గది నిండా పరుచుకుంది. బేస్ కడుపులోకి దిగుతోంది గానీ కాఫీ మాత్రం తొణకలేదు. అమ్మ పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత మెట్లు దిగి బీరువా దగ్గర కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కి వచ్చింది.

"బీరువా నోరెత్తలేదే! ఇన్నాళ్లూ ఎవరో పిండిమర ఆడిస్తున్నారనుకున్నా. ఇందులో పాట కూడా ఉందన్నమాట." ఫోను తీసింది. "హలో, ఏమనుకోకండి. పైగది ఖాళీ లేదు."

తీగ గాల్లోకి ఎగిరి గంతేసింది. "గెలిచాం!"

"ఆంటీ," అన్నాడు డబ్బా నేల చూపులు చూస్తూ, "నేను గది ఖాళీ చేస్తాను."

తీగ గంతు సగంలో ఆగిపోయింది. "ఏంటీ? ఇంత చేశాక?"

"మీ ఇంట్లోనే అద్దెకుంటూ మీ అమ్మాయిని ఇమ్మని అడగడం మర్యాద కాదు కదండీ. బయటికెళ్లి, వేరే గది చూసుకుని, మా వాళ్లతో వచ్చి పద్ధతిగా అడుగుతాను."

పాట మోగుతూనే ఉంది. అమ్మ కప్పు అందుకుని నింపాదిగా ఓ గుక్క తాగింది.

"చాల్లేవయ్యా. ఆ పెట్టెని ఇప్పుడు కదపాలంటే క్రేను తేవాలి. మీ వాళ్లని తర్వాత తీసుకురా. అమ్మాయిని మాత్రం ఇక్కడే అడుగు."

డబ్బా తీగ వైపు తిరిగాడు. సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "మరి... నన్ను... జీవితాంతం తిడతారా?"

"ఊఁ," అంది తీగ.

"ఏంటీ? పాటలో వినబడలేదు."

"తిడతాను!" అని అరిచింది తీగ, వీధి చివరిదాకా వినబడేలా. "రోజూ తిడతాను! సౌండు పెంచు!"