చప్పట్లు వద్దన్న కచేరీ

ఆ ఆదివారం సాయంత్రం వాల్ మొయిరు ఊళ్ళో ఇంటిపట్టున ఉన్నవాళ్ళు తక్కువ. మంచం దిగలేనివాళ్ళూ, పక్కింటివాళ్ళ మొహం చూడ్డం ఇష్టంలేనివాళ్ళూ తప్ప మిగతా ఊరంతా సంగీత సమాజం వారి బుల్లి థియేటరు ముందే ఉంది. కొయింబ్రా పట్నం నుంచి టెల్మో అనే డాక్టరు గారు వచ్చారు. గిటారు ఒక్కటే తోడుగా, మైకూ గీకూ లేకుండా, ఫాదు అనే విరహపు పాటలు పాడతారు. వచ్చిన డబ్బంతా ఊరి అగ్నిమాపక దళానికి కొత్త బండి కొనడానికి.

పాత బండి ఆగస్టులో కాలిపోయింది. కొండ మీద నీలగిరి తోటలు అంటుకున్నప్పుడు బండి చుట్టూ మంటలు కమ్మేశాయి. అందులో వెళ్ళిన ఆరుగురూ జీతం బత్తెం లేకుండా, ఊరి కోసం వెళ్ళిన ఊరివాళ్ళే. ఐదుగురు అక్కడే పోయారు. ఆరోవాడు ఆదెలీను బతికాడు.

బతికాడన్న మాటే గానీ, ఊపిరితిత్తుల్లో సగం కొండ మీదే వదిలేసి వచ్చాడు. గట్టిగా దగ్గకూడదు, పొగ పీల్చకూడదు, ఇంకొక్కసారి పొగ పడితే మా చేతుల్లో ఏమీ ఉండదని ఆసుపత్రివాళ్ళు చెప్పేశారు. అప్పట్నుంచి వాళ్ళావిడ గ్రసిండా కుంపటి కూడా వెలిగించలేదు. రాత్రిళ్ళు అతని దగ్గు వింటూ పడుకునేది. రెండు చిన్న దగ్గులు, తర్వాత ఒక పొడుగు దగ్గు, చివర్న సన్నగా ఈల. వెయ్యిమందిలో వినిపించినా అది తన మొగుడిదేనని చెప్పేస్తుంది.

థియేటరు ముందు చౌకులో దేవదారు ఆకులు కుప్పపోసి తగలబెట్టి చెస్ట్‌నట్లు కాలుస్తున్నారు. నవంబరు వచ్చిందంటే ఆ కాయలూ తియ్యటి సారా లేకుండా అక్కడ ఏ పనీ జరగదు. గ్రసిండా ఆ పొగ చూడగానే ఆదెలీనుని చెయ్యి పట్టుకుని పక్కసందులోంచి తిప్పి తీసుకొచ్చింది.

గుమ్మం దగ్గర ఇస్మేనియా అత్త తగులుకుంది. ఊరందరికీ ఆవిడ అత్తే. "ఏమే గ్రసిండా, మొగుణ్ణి ఎవరైనా ఎత్తుకుపోతారనా అంత గట్టిగా పట్టుకున్నావ్?"

"ఈ మనిషిని ఎవరెత్తుకుపోతారత్తా? ఒక్క రాత్రి ఆ దగ్గు విన్నారంటే, తెల్లారేసరికి తెచ్చి నా గుమ్మంలో దింపేస్తారు."

ఆదెలీను నవ్వబోయి, దగ్గొస్తుందని ఆపుకున్నాడు.

లోపల వంద కుర్చీలు కూడా ఉండవు. నేల మీద వరసలు, పైన చెక్క బాల్కనీ. బాల్కనీ పుచ్చిపోయి ఏళ్ళయింది. మెట్లకి అడ్డంగా పలకలు కొట్టేశారు. అవసరమైతే లేచిపోవడానికి వీలుగా గ్రసిండా అన్నిటికన్నా వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంది. ఆదెలీను ఆమె ఎడమ చేతి వైపు. కుడి వైపు ఇస్మేనియా అత్త, ఒళ్ళో కాయల పొట్లంతో.

థియేటరు తాళాలన్నీ హెర్కులాను ముసలాయన దగ్గరుంటాయి. ఆయనే వేదికెక్కి, ఉన్న రెండు వెంట్రుకలూ సర్దుకుని చెప్పాడు.

"వినండి. ఇవాళ్టి కచేరీ కొయింబ్రా పద్ధతి. చప్పట్లు కొట్టకూడదు. పాట నచ్చితే ఇదుగో, ఇలా ఖ్ఖ్ఖుం అని గొంతు సవరించుకోవాలి. అంతే. పాట నడుస్తుండగా ఎవరూ లేవకూడదు, తలుపు తియ్యకూడదు."

"నచ్చకపోతేనో?" అన్నారెవరో.

"నచ్చకపోయినా సవరించుకో. ఊరి పరువు."

నవ్వులయ్యాక తలుపులు మూసి, వాటి మీదికి ముఖమల్ తెర లాగారు. దీపాలన్నీ ఆరిపోయాయి. వేదిక మీద ఒక్క చిన్న దీపం, దాని కింద నల్ల పైవస్త్రం కప్పుకున్న డాక్టరు గారు. గిటారు తీగ మీటగానే హాలంతా సద్దుమణిగింది. నది ఒడ్డున వదిలేసి వెళ్ళిన పిల్ల గురించి పాట. గొంతు బాగుంది. గ్రసిండాకి మూడు నెలల తర్వాత మొదటిసారి భుజాలు తేలికపడ్డాయి.

పాట అయ్యింది. చేతులు లేవబోయి ఆగాయి. ఒకరి తర్వాత ఒకరు ఖ్ఖుం, ఖ్ఖుం అన్నారు. మధ్యలో కిసుక్కుమని నవ్వులు. "చర్చిలో అందరికీ ఒకేసారి జలుబు చేసినట్టుందే," అని గొణిగింది ఇస్మేనియా అత్త.

అందరిదీ అయిపోయాక పైనుంచి వినబడింది.

ఒక దగ్గు. గొంతు సవరించుకోవడం కాదు. గుండె లోతుల్లోంచి పెళ్ళగించుకుని వచ్చే దగ్గు.

"పైన ఎవరో తెగ మెచ్చుకుంటున్నారే," అంది ఇస్మేనియా అత్త. గ్రసిండా తలెత్తి చూసింది. బాల్కనీలో చీకటి తప్ప ఏమీ లేదు. తాగి ఎవడో ఎక్కాడనుకుంది. కానీ తన చేతిలో ఆదెలీను చెయ్యి కట్టెలా బిగుసుకుపోయింది.

రెండో పాట. వాసన మొదలైంది. బయట మంట పొగ తలుపు సందుల్లోంచి వస్తోందనుకుని, గ్రసిండా తన శాలువా తీసి అతని ముక్కుకి అడ్డం పెట్టింది. కాసేపటికి ఆమెకే తేడా తెలిసింది. అది చెస్ట్‌నట్ల వాసన కాదు. ఘాటుగా, ముక్కుపుటాలు మండేలా... నీలగిరి తైలం కాలుతున్న వాసన. ఆగస్టు నెలంతా ఆరేసిన బట్టల్లో, రొట్టె పిండిలో, తల వెంట్రుకల్లో ఉన్న వాసన.

పాట అయ్యింది. జనం గొంతులు సవరించుకున్నారు. పైనుంచి బదులొచ్చింది. ఈసారి ఒకటి కాదు. నాలుగో, ఐదో.

"అది బాల్తజార్," అన్నాడు ఆదెలీను, పెదవులు కదపకుండా.

బాల్తజార్ దళానికి కమాండరు. అతని శవపేటిక మీద గ్రసిండా తన చేత్తో మట్టి వేసింది.

"ఏమిటా మాటలు? పద, వెళ్ళిపోదాం."

"ఉష్. మెల్లగా." అతను ఆమె చెవికి దగ్గరగా వంగాడు. "పొగలో కళ్ళు కనపడవు. పేరు పెట్టి పిలవడానికి ఊపిరి చాలదు. అందుకని దగ్గుతాం. ఒకడు దగ్గితే మిగతావాళ్ళు బదులు దగ్గుతారు. ఆ చప్పుడు పట్టుకుని ఒకళ్ళ దగ్గరికొకళ్ళు చేరతాం. ఆ రోజు వాళ్ళు దగ్గుతూనే ఉన్నారు... నేను పడిపోయాను. బదులివ్వలేకపోయాను."

"అయితే?"

"వాళ్ళింకా నన్ను వెతుకుతున్నారు గ్రసిండా. వీళ్ళంతా ఖ్ఖుం ఖ్ఖుం అంటూ వాళ్ళని పిలుస్తున్నారు. నేను మాత్రం దగ్గకూడదు. దగ్గానంటే... ఎక్కడున్నానో తెలిసిపోతుంది."

మూడో పాట మొదలయ్యింది. పాట మధ్యలో ఏదో కిర్రుమంది. బాల్కనీ మెట్లు. పలకలు కొట్టేసిన మెట్లు. ఒక్కో మెట్టూ బరువుగా, ఆగి ఆగి... బూట్లతో దిగుతున్నట్టు.

పాట అవ్వగానే జనం ఖ్ఖుం అన్నారు. మెట్ల మీంచి దగ్గులు. ముందుకన్నా దగ్గరగా.

గ్రసిండా ఇక ఆగలేదు. పరువూ పద్ధతీ గాలికొదిలేసి మొగుణ్ణి లేవదీసింది. ముందు వరసలోంచి నలుగురు వెనక్కి తిరిగి ఉష్‌మన్నారు. తెర పక్కకు నెట్టింది. తలుపు పిడి మీద చెయ్యి వేయబోయి ఆగింది. దళంలో చేరిన మొదటి ఏడే ఆదెలీను ఆమెకి నేర్పాడు. మూసిన తలుపు ఎప్పుడూ ఊరికే తియ్యకూడదు. ముందు చేతి వెనక వైపు ఆనించి చూడాలి. చల్లగా ఉంటే తియ్యి. వేడిగా ఉంటే దాని వెనక మంట నిలబడి ఉన్నట్టు.

ఆమె చేతి వెనక వైపు ఆనించింది. చురుక్కుమంది.

అవతల చౌకులో జనం నవ్వుకుంటూ సారా తాగుతున్నారు. ఆ నవ్వులు తలుపులోంచి స్పష్టంగా వినిపిస్తున్నాయి. అయినా తలుపు పెనంలా కాలుతోంది.

ఆదెలీను కూడా ఆనించి చూశాడు. "తియ్యకు," అన్నాడు. "తీస్తే అందరూ పోతారు."

"అయితే ఎటు పోదాం?"

అతను ఆమెని వెనక్కి తిప్పాడు. ఇద్దరూ వచ్చి మళ్ళీ అదే కుర్చీల్లో కూర్చున్నారు. వేరే దారి లేదు. "ఏమిటే మీ గోల, ఒంటికొస్తే ముందే వెళ్ళి రావాలి," అని ఇస్మేనియా అత్త విసుక్కుంది. ఆవిడ నుదుటి మీద చెమట చుక్క కూడా లేదు. గ్రసిండా జాకెట్టు మాత్రం వీపుకి అంటుకుపోయింది.

డాక్టరు గారు గిటారు ఒళ్ళో పడుకోబెట్టి మెల్లగా అన్నారు. "ఇది ఆఖరి పాట. కొండ మీద పోయిన ఆ ఐదుగురి కోసం. వాళ్ళు ఎక్కడున్నా వినాలని పాడుతున్నాను."

'వద్దు మహానుభావా, వినిపించకు,' అనుకుంది గ్రసిండా.

వాళ్ళ వెనక వరస లేదు. గోడే ఉంది. అయినా వెనక ఎవరో నిలబడ్డారు. మెడ మీద వేడి. కాలిన రబ్బరు వాసన. ఎవరో ఊపిరి తీసుకోవడానికి పెనుగులాడుతున్న చప్పుడు... ఒకరు కాదు... వరసగా...

ఆదెలీను శాలువా నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. దగ్గు అతని లోపల గిలగిల్లాడుతోంది. ఛాతీ ఎగిసెగిసి పడుతోంది.

"నా చెయ్యి వదలకు," అన్నాడు.

"వదలను."

"ఏమైనా సరే."

"వదలనయ్యా. ఆపుకో. ఇంకొక్క చరణమే."

ఆఖరి తీగ మోగింది. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సూది పడ్డా వినిపిస్తుంది. అప్పుడు ఆదెలీను భుజాలు పైకి లేచాయి. ఇక ఆగదని ఆమెకి తెలిసిపోయింది. వాళ్ళకి వినిపించకూడదు. ఎలాగైనా వినిపించకూడదు...

గ్రసిండా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

గట్టిగా. పిచ్చిదానిలా. అరచేతులు మండేలా.

తలలన్నీ గిరుక్కున తిరిగాయి. "సిగ్గు లేకపోతే సరి!" అన్నాడు హెర్కులాను. కానీ సాయంత్రం నుంచీ చేతులు కట్టుకుని కూర్చున్న ఇస్మేనియా అత్తకి అదే చాలింది. కాయల పొట్లం కింద పడేసి ఆవిడా మొదలుపెట్టింది. తర్వాత ముందు వరస. తర్వాత అందరూ. కొయింబ్రా పద్ధతి కొయింబ్రాకి పోయింది. హాలు కప్పు ఎగిరిపోయేలా ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ హోరులో గ్రసిండా పక్కకి చూసింది. ఆదెలీను ముందుకు వంగి ఊగిపోతున్నాడు. రెండు చిన్న కుదుపులు, ఒక పెద్ద కుదుపు. చప్పుడు ఆమెకే వినిపించలేదు. ఇంకెవరికి వినిపిస్తుంది?

చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ కావాలన్న సంగతి ఆమెకి అప్పుడు తట్టలేదు.

దీపాలు వెలిగాయి. వాసన లేదు. వెనక గోడ, గోడ మీద సున్నం. ఆదెలీను నిటారుగా కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"దగ్గు?"

"పోయింది."

తలుపు ఎవరో మామూలుగా తోసి తీశారు. చల్లగాలి కొట్టింది. గ్రసిండాకి పోయిన ప్రాణం లేచొచ్చింది. డాక్టరు గారికి క్షమాపణ చెప్పింది, ఇస్మేనియా అత్తని కావలించుకుంది, గుర్తొచ్చిన ప్రతి పునీతుడికీ కొవ్వొత్తి మొక్కుకుంది. ఎవరో చేతిలో పెట్టిన సారా గుక్కెడు తాగాక మొగుడి కోసం చూసింది. చెస్ట్‌నట్ల మంట పక్కన నిలబడి ఉన్నాడు. తెల్లటి పొగ తిన్నగా అతని మొహం మీదికే పోతోంది. అతను కదల్లేదు. దగ్గలేదు. ఇవాళ ఎంత మంచిరోజో అనుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికి వెళ్ళింది.

హెర్కులాను లోపలంతా తిరిగి చూసి, దీపాలార్పి, తలుపుకి తాళం వేశాడు.

అప్పుడు లోపల్నుంచి వినబడింది. బాగా లోపల్నుంచి, పైనుంచి. రెండు చిన్న దగ్గులు. ఒక పొడుగు దగ్గు. చివర్న సన్నగా ఈల.

"ఎవడ్రా లోపల ఉండిపోయింది?" అన్నాడు హెర్కులాను. "అంతా చూశానే. పిల్లి కూడా లేదు."

అది ఎవరి దగ్గో గ్రసిండాకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దగ్గు మళ్ళీ వచ్చింది. ఆగింది. ఎదురుచూస్తున్నట్టు ఆగింది. ఒకడు దగ్గితే ఇంకొకడు బదులివ్వాలి... లేకపోతే దారి తెలియదు. ఆమె గుండె నిండా గాలి పీల్చుకుంది, బదులు దగ్గడానికి.

పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతి వెనక వైపు ఆనింది. చురుక్కుమంది.

"వద్దు గ్రసిండా," అన్నాడు ఆదెలీను, చాలా మెల్లగా. "పద, ఇంటికెళ్దాం."

హెర్కులాను తాళంచెవి జేబులో వేసుకుని చౌకులోకి దిగాడు. లోపల మళ్ళీ దగ్గు... ఈసారి తలుపుకి ఆనుకుని.