వెండెల్ పేరు మీద

ఆ ఇంట్లో ఆర్డిస్‌కి వంటగదంటేనే ఇష్టం. కిటికీలోంచి సుపీరియర్ సరస్సు కనిపిస్తుంది, వెచ్చగా ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా వెండెల్ కుర్చీ అక్కడ లేదు. మొగుడు పోయిన వారానికే ముందుగదిలోని కంప్యూటర్ని మోసుకొచ్చి వంటగది బల్ల మీద పెట్టుకుంది. జనవరి కదా, సాయంత్రం కాఫీ వేళకే బయట చీకటి పడిపోయింది. ఓవెన్‌లో, మాంసం కూరలు కలిపి పెట్టిన హాట్‌డిష్ మీద బంగాళాదుంపలు ఎర్రబడుతున్నాయి. వేగిన ఉల్లిపాయ వాసన ఇల్లంతా కమ్ముకుంది.

బల్లకి అవతల లవోన్ కూర్చుని ఉంది. వెండెల్ చెల్లెలు. రేపు పొద్దున వదినని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటూ ఒకరోజు ముందే సంచీతో దిగబడింది. ఎంత ప్రేమో! వదినకి మతి పోతోందని డాక్టరుకి ఫోన్ చేసి చెప్పింది ఈ మహాతల్లే. డాక్టరు అవునన్నాడంటే ఆర్డిస్‌ని వృద్ధుల ఇంటికి తోలేసి, తను పుట్టి పెరిగిన ఈ ఇంట్లో మళ్ళీ చేరాలని లవోన్ ఎత్తు. డాక్టరు మాత్రం తొందరపడలేదు. “మీరు రోజూ ఆ మెదడు ఆటల సైటులో ఆడతారటగా. నెల్లాళ్ళు మీ పేరు మీద మీరే ఆడి, ఆ మార్కులు అచ్చు తీసుకురండి, చూద్దాం” అన్నాడు.

“చివరాట ఆడేశావా వదినా?” అంది లవోన్ కాఫీ ఊదుకుంటూ.

“ఆడతాలే. నీకేం తొందర?”

“నాకేం తొందరమ్మా. పొద్దున కారుకి ఇంజిన్ని వెచ్చగా ఉంచే కరెంటు వైరు తగిలించడం మర్చిపోయావుగా. ఈ చలికి ఇంజిను బిగుసుకుపోతే రేపు ఎలా వెళ్తాం? నీ మంచికోరే అడిగాను.”

“నేను తగిలించాను. నువ్వు పీకావు.”

“అయ్యయ్యో, చూశావా, ఇదిగో ఇదే నేను డాక్టరుకి చెప్పింది!” అని లవోన్ నవ్వి, కప్పు పట్టుకుని ముందుగదిలోకి టీవీ చూడ్డానికి పోయింది.

ఆర్డిస్‌కి ఒళ్ళు మండింది. తనెందుకు మాట్లాడాలి? మార్కులే మాట్లాడతాయి. నెల్లాళ్ళుగా రోజూ మార్కులు పైకే పోతున్నాయి. రేపు ఆ కాగితం చూశాక లవోన్ మొహం ఎలా మాడిపోతుందో తల్చుకుంటేనే ప్రాణానికి హాయిగా ఉంది.

ఆ సైటులో ఖాతా తెరిచింది వెండెల్. ఒక్క ఖాతాలోనే మొగుడూ పెళ్ళాలకి చెరో బొమ్మ. తనకి చేప పెట్టుకున్నాడు. “నీ బుర్రకి బాతు చాల్లే” అని ఆమెకి బాతు పెట్టాడు. కాపురం చేసినన్నాళ్ళూ అదే వరస. నీ తలకాయలో ఏముందే, నీకేం తెలుసే, నోర్ముయ్యవే. రోజూ రాత్రి భోజనాల దగ్గర తన మార్కులూ ఆమె మార్కులూ పక్కపక్కన పెట్టి చదివి వినిపించేవాడు.

కిందటి ఏడాది పక్షవాతం వచ్చి అతని చేతులు పడిపోయాయి. గొంతు కూడా పోయి గుసగుస మాత్రం మిగిలింది. అయినా ఆట మానలేదు. ఆమె వెనకాల కుర్చీ వేయించుకుని, మెడ దగ్గరికి వంగి, ఏ గడి నొక్కాలో చెప్పేవాడు. “పైన రెండోది... కింద మూడోది...” ఆర్డిస్ దాని పక్కది నొక్కేది.

కావాలనే నొక్కేది. చేప కింద మార్కుల గీత రోజురోజుకీ దిగిపోతూ వచ్చింది. అది చూసి వెండెల్ మొహం పాలిపోయేది. “ఇవి నావి కావే” అనేవాడు. “నీవే. వయసు మీద పడింది కదా, బుర్ర అరిగిపోతుంది మరి” అని ఆమె దుప్పటి సర్దేది. ఆ మాట అంటుంటే ఎంత సుఖంగా ఉండేదో! ఆకులు రాలే రోజుల్లో వెండెల్ పోయాడు. పోయేముందు కూడా అదే మాట. ఇవి నావి కావు, ఇవి నావి కావు అని.

సరే, పోయినవాడి గోల ఇప్పుడెందుకు? ఆర్డిస్ కళ్ళజోడు తుడుచుకుని బాతు మీద నొక్కింది. ‘మీ పేరు మీద మీరే ఆడండి. అప్పుడే మీ లెక్క సరిగ్గా ఉంటుంది’ అని ఎప్పటిలాగే తెర మీద వచ్చింది. ఆట మొదలైంది. గళ్ళు వెలిగి ఆరిపోతాయి, అదే వరసలో నొక్కాలి. అంతే. ఆమెకి కొట్టిన పిండి.

పై వరసలో చివరిది నొక్కింది. ఎర్రగా మెరిసింది. తప్పట.

మళ్ళీ చూసుకుని మధ్యలోది నొక్కింది. తప్పు. వేలు ఎక్కడుందో కళ్ళారా చూస్తూ, అదిమి మరీ నొక్కింది. వెలిగింది మాత్రం దాని పక్క గడి. మౌస్ దులిపింది. బల్ల తుడిచింది. మళ్ళీ పక్కదే వెలిగింది...

అప్పుడు వాసన వచ్చింది. ఉల్లిపాయ వాసన కాదు. ఛాతీకి రాసే ఘాటైన మందు వాసన, దాని కింద మంచం పట్టిన మనిషి ఒంటి వాసన. ఆ దుప్పట్లన్నీ ఆమె తగలబెట్టేసింది. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

“పక్కది నొక్కావే.”

ఆర్డిస్ కదల్లేదు. తల తిప్పితే ఏం కనిపిస్తుందో అని తిప్పలేదు. ముందుగదిలో టీవీలో ఎవరో పకపకా నవ్వుతున్నారు. లవోన్‌ని పిలుద్దామనుకుంది. పిలిస్తే మతి పోయిందనే అంటుంది.

“నా పేరు తెరువు...”

తెరిచింది. ఎందుకు తెరిచిందంటే ఏం చెబుతాం? తెరవకపోతే ఆ ఊపిరి ఇంకా దగ్గరికి వస్తుందని.

“వెండెల్...” అంది సన్నగా. “తప్పయిపోయింది. అన్నీ చెరిపేస్తాను...”

“చెరపడం కుదరదు. ఆడు.”

మెడ వెనక గుసగుస చెబుతోంది, ఆమె నొక్కుతోంది. పైన రెండోది. కింద మూడోది. ఈసారి అన్నీ ఒప్పే. ఆట అయ్యేసరికి చేప కింద గీత కొంచెం పైకి లేచింది. బాతు కింద గీత అంతే దిగింది. ఆర్డిస్ తెరకి దగ్గరగా వంగి చూసింది. నిన్న తను ఆడిన ఆట, తన మార్కులతో సహా, చేప కిందికి వెళ్ళిపోయింది. దాని చోట వెండెల్ పేరు మీద తను చెడగొట్టిన ఆట వచ్చి కూర్చుంది.

“నువ్వు నొక్కిందేగా. నీదే.”

ఇంకో ఆట. మొన్నటిదీ పోయింది. ఇంకోటి. ఆ ముందుదీ... చేతులు ఆపుదామన్నా ఆగడం లేదు. ఒక్కో ఆట పోయినప్పుడల్లా తలలోంచి కూడా ఏదో జారిపోతోంది. కిటికీ అవతల నల్లగా, పెద్దగా, నీళ్ళతో ఉంది. దాన్ని ఏమంటారు? పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నదే... ఏమంటారు దాన్ని? ఏదో మాడుతోంది. ఆ పెట్టెలో. వేడిగా ఉండే ఆ పెట్టెలో. తలుపు తియ్యాలని తెలుసు. ఎలా తియ్యాలో తెలియలేదు.

“ఆపు వెండెల్... ఆపు...”

“ఎవరివి వాళ్ళకి చేరాలి.”

పొగ చూసి లవోన్ పరుగెత్తుకొచ్చింది. ఓవెన్ ఆపి, కిటికీ తెరిచి, దగ్గుతూ అరిచింది. “ఎదురుగా మాడిపోతుంటే కూర్చుని చూస్తున్నావా మహాతల్లీ?”

అప్పుడు తెర మీద బాతు మార్కులు కనబడ్డాయి. నెల్లాళ్ళవీ పాతాళంలో ఉన్నాయి. లవోన్ మొహం ఎంత వెలిగిందో చెప్పలేం. గబగబా అచ్చు తీసి కాగితం సంచీలో పెట్టుకుంది. తర్వాత వంగి, చిన్నపిల్లని అడిగినట్టు అడిగింది. “వదినా, నేనెవర్ని?”

ఆర్డిస్ ఆ మొహంలోకి చూసింది. ఈ మనిషంటే తనకి ఒళ్ళుమంటని తెలుసు. ఎందుకో తెలుసు. పేరే రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

చెవిలో గుసగుసగా వచ్చింది.

“లవోన్” అంది ఆర్డిస్.

లవోన్ నవ్వు ఆగిపోయింది. “ఈ రోజేం వారం?”

చెవిలో వచ్చింది. ఆర్డిస్ చెప్పింది. ఏది అడిగినా వచ్చింది, ఏది అడిగినా చెప్పింది. ఆడపడుచు విసుక్కుని పడుకోవడానికి వెళ్ళిపోయాక, వంటగదిలో మందు వాసన ఇంకా చిక్కబడింది.

“ఈ ఇంట్లోంచి నిన్ను పంపిస్తాననుకున్నావా? రోజూ ఆడాలి. నీ నెల మార్కులతో నాది సగమే పూడింది.”

ఆ రాత్రి ఆర్డిస్ కుర్చీలోంచి లేవలేదు. తెల్లారేసరికి ఒకే ఒక్క ఆలోచన మిగిలింది. దాన్ని పట్టుకుని వేలాడింది. ఏమీ తెలియదని చెప్పాలి. డాక్టరు ఏం అడిగినా తెలియదనాలి. వృద్ధుల ఇంటికైనా సరే, మరెక్కడికైనా సరే, ఈ ఇంటికి మాత్రం తిరిగి రాకూడదు.

డాక్టరు గదిలో ఆమె, లవోన్ పక్కపక్కన కూర్చున్నారు. మూడో కుర్చీ ఖాళీ. లవోన్ కాగితం తీసి చేతికిచ్చింది. డాక్టరు చూసి, పెదవి విరిచి, కలం తీశాడు. “ఇంత పడిపోయాయేంటమ్మా? సరే, నేను కొన్ని అడుగుతాను. మెల్లిగా ఆలోచించుకుని చెప్పండి. మీరుండే ఊరు పేరు?”

తెలియదు అని చెప్పడానికి ఆర్డిస్ నోరు తెరిచింది. నోట్లోంచి ఊరి పేరు వచ్చింది, గట్టిగా, స్పష్టంగా. లవోన్ ఉలిక్కిపడి చూసింది. ఆర్డిస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు రాసుకుంటూ తర్వాతిది అడిగాడు. నెల పేరు. అదీ వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

“ఇంట్లో మీతో పాటు ఎవరుంటారు?”

ఈసారి ఆర్డిస్ నోరు తెరవలేదు. పళ్ళ బిగువున పట్టుకుంది. చెవి పక్కన గుసగుస మొదలైంది.

డాక్టరు తలెత్తకుండానే, విసుగ్గా, ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. “మీరు అందించకండి సార్. ఆవిడని చెప్పనివ్వండి.”