కాలిన బ్యారన్ దగ్గర ఆగే కారు

మిరపసేలో పొద్దుగూకె మావో…
ఎనకొచ్చే అడుగు నీదా, నీడదా…

ఆ తర్వాతి చరణం ఆదెమ్మకి ఎంత తలచుకున్నా గుర్తుకు రాదు. చిన్నప్పుడు కాయకోతకి పోతే, ముందు సాలు పట్టిన ఆడవాళ్ళు పాడేవారు. చీకటి పడ్డాక మాత్రం ఎవరూ పాడేవారు కాదు. అందులోనూ కాలిన బ్యారన్ దాటేటప్పుడు… గొంతే కాదు, గాజుల్ని కూడా చప్పుడు చేయనిచ్చేవారు కాదు.

చీరాల నుంచి వాళ్ళ ఊరొచ్చే రోడ్డు మీద ఏడో మైలు దాటాక, ఎడంపక్క పత్తిచేలో ఒంటరిగా నాలుగు మొండిగోడలుంటాయి. అదే కాలిన బ్యారన్. ఒకప్పుడు అందులో పొగాకు కాల్చేవారు. రాత్రంతా మేలుకుని పొయ్యి చూసే మనిషి ఒక రాత్రి కాస్త కునుకు తీశాడు. తెల్లారేసరికి కప్పూ లేదు, మనిషీ లేడు. పొయ్యి కంత మాత్రం నోరు తెరుచుకుని రోడ్డు వైపు చూస్తూ మిగిలింది.

అప్పట్నుంచి ఆ చోటుకి పేరు పడింది. అక్కడ ఎద్దులు బెదురుతాయంటారు. పుష్యమాసం చలిలో కూడా ఆ గోడలు వెచ్చగా ఉంటాయంటారు. ముట్టుకుని చూసినవాళ్ళెవరో మాత్రం ఎవరూ చెప్పరు.

అలాంటి చోట… ఎనభై నాలుగులో… ప్రతి శనివారం రాత్రీ ఆదెమ్మ కొడుకు కారు ఆగిపోవడం మొదలైంది.

కొడుకు పేరు జోసఫ్. మిషను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ కారేమో పూర్వం పొగాకు కంపెనీలో పనిచేసిన తెల్లదొర ఒకాయన నడిపిన స్పోర్ట్సు కారు. ఎర్రది. రెండే తలుపులు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. దొర ఓడెక్కి పోయాక అది ఒంగోల్లో ఒక డాక్టరు గారి గొడ్ల కొట్టంలో పదిహేనేళ్ళు ఉండిపోయింది. జోసఫ్ చూడబోయిన రోజున డ్రైవరు సీట్లో కోడిపెట్ట పొదుగుతూ ఉంది, కింద పదకొండు గుడ్లు. "పిల్లలు లేచాక తీసుకెళ్ళండి" అన్నారట డాక్టరు గారు. లేచేదాకా ఆగి, రెండు పాడిగేదెల ధర పోసి, ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చాడు.

"కొన్నది కారాండీ, కోళ్ళగంపా?" అంది భార్య జయకుమారి.

చీరాల మెకానిక్కు మొహిద్దీన్ బాషా నాలుగు నెలలు దాని కింద పడుకున్నాడు. దొరకని సామాను చోట దొరికింది పెట్టాడు. హారను లారీది, అద్దం స్కూటరుది. ఆఖరికి ఒక సాయంత్రం అది స్టార్టయింది. ఆ మోతకి కళ్ళాల్లో మిరపకాయల మీద వాలిన చిలకలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఆదెమ్మ వాటిని చూడలేదు, కొడుకు మొహం చూసింది. నలభై ఏళ్ళ మగాడి మొహంలోకి ఎనిమిదేళ్ళ పిల్లాడు వచ్చి కూర్చున్నాడు. ఇనప సామాను మనిషినింత సంతోషపెట్టగలదా అని ఆమెకి ఎంతో వింతనిపించింది.

కానీ కొన్నంత తేలిగ్గా లేదు, దాన్ని తనదిగా ఉంచుకోవడం.

మొదటి ఆదివారం ఆ రెండు సీట్లలో తొమ్మిదిమంది చర్చికి వెళ్ళారు. పాస్టరు గారి ట్రంకుపెట్టె ఎక్కింది. పక్కింటి హనుమాయమ్మ కోడలు నొప్పులు పడుతూ ఎక్కి, ఆసుపత్రి గేటు దగ్గరే కనేసింది. మిరపకాయ బస్తాలెక్కాయి. ఆ ఘాటు సీట్లలోకి దిగిపోయి, నెల్లాళ్ళపాటు జోసఫ్ తుమ్ముతూనే నడిపాడు. "ఏం మాస్టారూ, చీరాలకేగా?" అని ఎవరడిగినా "ఎక్కండి" అనడమే తప్ప కాదనడం అతనికి చేతకాదు. ఎక్కినవాళ్ళు ఊరుకుంటారా?

"పైన రేకు కొట్టించండి మాస్టారూ, ఎండకి చస్తున్నాం."

"వెనక చెక్క వేయిస్తే ఇంకో నలుగురం పడతాం గదా."

ఆదెమ్మ ఒక్కతే ఎక్కలేదు. అంత కిందికి కూర్చోడానికి ఆమె మోకాళ్ళు వంగవు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

శనివారాలు జోసఫ్ చీరాల చర్చిలో పాటల ప్రాక్టీసుకి హార్మోనియం వాయించడానికి పోయేవాడు. రాత్రి ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉండేవాడు. సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక శనివారం… తొమ్మిదిన్నరైనా రాలేదు.

వచ్చాక, "కాలిన బ్యారన్ దగ్గర ఆగిపోయిందమ్మా. ఎంత తిప్పినా కదల్లేదు. తర్వాత దానంతటదే స్టార్టయింది" అన్నాడు.

ఆ మరుసటి శనివారం… మళ్ళీ అక్కడే.

ఆ రోజు కారులో చీరాల నుంచి వస్తున్న కూలి ఆడవాళ్ళిద్దరున్నారు. పొయ్యి కంతకి ఎదురుగా బండి ఊపిరి పోయినట్టు ఆగేసరికి, వాళ్ళు తలుపు తీసుకుని దిగలేదు. దూకారు. రెండు మైళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా నడిచొచ్చారు.

మూడో శనివారం అతని కారెక్కడానికి ఎవరూ రాలేదు. నాలుగోవారం పట్టపగలు కూడా ఎవరూ అడగలేదు.

"ఆ పొయ్యి చూసేవాడు లిఫ్టు అడుగుతున్నాడు" అని తేల్చాడు బాపయ్య. రాత్రిపూట కళ్ళంలో మిరపకాయలకి కాపలా పడుకునే మనిషి. దెయ్యాల విషయంలో అతని మాట ఊళ్ళో చెల్లుతుంది.

జయకుమారి ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పేసింది. "నాకు దెయ్యాల మీద నమ్మకం లేదండీ. ఆ కారు మీద అసలే లేదు. ఏదన్నా అయితే ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని నేనేం కావాలి? అమ్మేయండి."

బేరం కుదిరింది. పొదిలిలో పత్తి వ్యాపారం చేసే వెంకటనారాయణ వచ్చి చూసుకుపోయాడు. వర్జ్యం చూడందే గుమ్మం దాటని మనిషి. సోమవారం ఉదయం మంచి ఘడియ ఉందని, అప్పుడొచ్చి తోలుకుపోతానన్నాడు. ఊళ్ళో కూలివాళ్ళ మాటలు అతని చెవిన పడలేదు. జోసఫ్ చెప్పలేదు.

జోసఫ్ సాయంత్రాలు దొడ్లో ఆగి ఉన్న కారు పక్కన, బానెట్టు మీద చెయ్యేసుకుని ఊరికే నిలబడేవాడు. ఆదెమ్మ అది చూడలేక లోపలికి పోయేది.

శుక్రవారం బాషా వచ్చాడు, అమ్మే ముందు ఒకసారి చూసిపెడదామని. పెట్రోలు ట్యాంకు మూత విప్పి, వెలుతురుకి ఎత్తిపట్టి, చాలాసేపు దాన్నే చూశాడు.

"పెద్దమ్మా… ఈ మూతకి చిన్న కన్నం ఉండాలే. ఎవరు పూడ్చారు?"

"నేనే నాయనా."

"ఎందుకు?"

ఎందుకేమిటి? విత్తనాల కుండకి మూకుడు బోర్లించి, సందు లేకుండా చుట్టూ పేడ మెత్తితేనే కదా లోపలి సారం నిలిచేది. ఈ మూత దగ్గర పెట్రోలు వాసన గుప్పున కొట్టేది. వాసన పోతోందంటే సరుకు పోతున్నట్టే. కారుకి పేడ బాగుండదని, క్రిస్మసుకి మిగిలిన కొవ్వొత్తి మైనం కరిగించి ఆ కన్నంలో కూరింది. ఊడినప్పుడల్లా మళ్ళీ కూరుతోంది.

బాషా నవ్వు ఆపుకోలేక బానెట్టు మీద వాలిపోయాడు. "పెద్దమ్మా, అది దాని ముక్కు. ట్యాంకులోకి గాలి పోకపోతే పెట్రోలు ఇంజనుకి దిగదు. చీరాల్లో ట్యాంకు నిండా పోయించుకుని ఆరేడు మైళ్ళు పోయాక బండికి ఊపిరాడదు… ఆగుద్ది. కాసేపటికి సందుల్లోంచి గాలి దూరుద్ది… మళ్ళీ నడుస్తది."

మైనం గీకి పారేసి, "ఇంక ఆగమన్నా ఆగదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆదెమ్మ అరుగు మీద కూలబడింది. అయితే… ఊరంతా భయపడుతున్న దెయ్యం తన కొవ్వొత్తా? తన చేతులారా కొడుకు సంతోషానికి ఊపిరాడకుండా చేసిందా? వెంటనే చెబుదామని లేచింది. మళ్ళీ కూర్చుంది. ముందు తన కళ్ళతో చూడాలి. ఆ చోట కారు ఆగకుండా దాటిపోవాలి. అప్పుడు చెప్పొచ్చు, అమ్మకం ఆపొచ్చు.

శనివారం మధ్యాహ్నం, చీరాల్లో చెల్లెలు రెబ్కా ఇంట్లో పడుకుని ఆదివారం ఆరాధన చూసుకుని వస్తానని జయకుమారితో చెప్పి, చర్చికి కట్టే తెల్ల కోక కట్టుకుని బస్సెక్కింది. ప్రాక్టీసు అయ్యి జోసఫ్ బయటికొచ్చేసరికి కారు పక్కనే నిలబడి ఉంది.

"నీ మోకాళ్ళకి ఇది పడదమ్మా."

"అవే వంగుతాయి, పట్టుకో."

చీరాల దీపాలు వెనకపడ్డాయి. పైన కప్పు లేదు కదా… చుక్కలన్నీ నెత్తి మీదే ఉన్నాయి. రెండు పక్కలా విచ్చిన పత్తి చీకట్లో కూడా తెల్లగా కనబడుతోంది. కళ్ళాల మీంచి మిర్చి ఘాటు గాలిలో కలిసి వచ్చి గొంతులో గీరుతోంది. ఆదెమ్మ కొంగు తల మీదుగా కప్పుకుంది. భూమి తన కిందనుంచి అంత దగ్గరగా, అంత వడిగా పరిగెత్తడం డెబ్భై ఏళ్ళలో ఆమె ఎరగదు. ఓహో, ఇదా… ఇందుకా వీడు…

ఐదో మైలు… ఆరో మైలు…

ఏడో మైలు రాయి దాటింది. గోడలు కనిపించాయి. లైటు పడి పొయ్యి కంత ఒక్కసారి మెరిసి, నల్లబడింది.

ఆగదు… ఆదెమ్మ మనసులో అనుకుంది. మైనం లేదు. ఆగదు.

బండి మెల్లగైంది.

ఒక దగ్గు దగ్గింది… ఇంకోటి…

ఆగింది. లైట్లు కూడా ఆరిపోయాయి.

చుట్టూ చడీచప్పుడూ లేదు. ఎక్కడో ఎండు పత్తికాయ ఒకటి రాలింది. ఆదెమ్మ పెదాలు కీర్తన కోసం వెతుక్కున్నాయి గానీ ఒక్క వాక్యమూ దొరకలేదు. తన కొవ్వొత్తి కాదు. మరి… ఎవరు?

పక్కన సీటు కిర్రుమంది.

"జోసఫూ…" ఊపిరితోనే అంది, "వాడొచ్చాడా?"

"ఎవరమ్మా?"

"పొయ్యి చూసేవాడు…"

జోసఫ్ చీకట్లో ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. తర్వాత ఆమె అరచేతిలో చల్లటిదేదో పెట్టాడు. తడిమి చూసింది. కారు తాళంచెవి.

"నేనే ఆపాను" అన్నాడు.

"అబ్బాయ్… ఆ మూత కన్నంలో నేను…"

"తెలుసు. మొదటి రెండు వారాలూ నీ మైనమే. మూడోవారం చూసి గీకేశాను. నువ్వు మళ్ళీ పెట్టావు, నేను మళ్ళీ గీకాను. అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నా."

"మరి ఇక్కడెందుకురా ఆపడం… ఈ పాడుచోట?"

"ఇక్కడ ఎవరూ ఎక్కరు."

చీకట్లో చక్రం మీద చెయ్యి రాస్తూ చెప్పాడు. "కొని ఏడాదైంది. ఇందులో నేనొక్కణ్ణీ కూర్చున్నదల్లా ఈ అరగంటలేనమ్మా. ఇది దొరది, తర్వాత డాక్టరు గారిది, ఇప్పుడు ఊరందరిదీ. ఇక్కడ ఆగినప్పుడే నాది."

ఆదెమ్మ తాళంచెవి గుప్పిట్లో పట్టుకుంది. దెయ్యానికి భయపడి అందరూ పారిపోయే చోట తన కొడుకు హాయిగా కూర్చుంటున్నాడు. ఇలాంటిది ఎక్కడన్నా ఉందా?

"ఎల్లుండి పొదిలాయన తోలుకుపోతాడుగా" అంది.

"పోతాడు. దెయ్యం ఉందంటే జయ ఉంచనివ్వదు. లేదంటే మళ్ళీ మిరపకాయ బస్తాలు."

అప్పుడే… ఊరి వైపు నుంచి చిన్న దీపం కదిలింది. ఊగుతూ దగ్గరికొస్తోంది. సైకిలు. హ్యాండిలుకి లాంతరు. కళ్ళానికి కాపలా పోతున్న బాపయ్య. కారు కనబడి, దూరంగానే కాలు కింద పెట్టాడు.

"మాస్టారూ… మళ్ళీ ఆగిందా?"

"ఆగింది బాపయ్యా."

"ఒక్కరేనా…"

జోసఫ్ పలకలేదు. బాపయ్య లాంతరు పైకెత్తాడు. ఎవరూ ఎక్కని ఆ రెండో సీట్లో… తల మీదుగా తెల్ల ముసుగు… కదలకుండా కూర్చున్న ఆకారం.

"నేనురా బాపయ్యా" అందామని ఆదెమ్మ నోరు తెరిచింది. గొంతులో మిర్చి ఘాటు అడ్డుపడింది. మాట రాలేదు. సన్నగా, ఈలలాంటి కూత ఒకటి వచ్చింది.

లాంతరు కిందపడి ఆరిపోయింది. సైకిలు చెయిను తెగిపోతుందేమో అన్నంత మోతతో వెనక్కి, ఊళ్ళోకి పోయింది. చాలా దూరం దాకా వినబడింది.

"పిలవవేరా… పాపం, జడుసుకున్నాడు" అంది, గొంతు సవరించుకున్నాక.

"తెల్లారేసరికి ఊళ్ళో అందరికీ చెబుతాడు. సోమవారం పొదిలాయన బస్సు దిగుతుండగానే ఎవరో ఒకరు ఆయనకీ చెబుతారు." జోసఫ్ గొంతులో ఏదో వెలుగుంది. "ఇంక దీన్ని ఎవరూ కొనరమ్మా."

"అబద్ధమవదూ?"

"నువ్వేమన్నా అన్నావా? నేనేమన్నా అన్నానా?"

ఆదెమ్మ ఆలోచించింది. నిజమే, ఎవరూ ఏమీ అనలేదు. "మరి జయకుమారికో?"

"నువ్వు రెబ్కా పిన్ని ఇంట్లో ఉన్నావు. ఇప్పుడే అక్కడ దింపేస్తా. రేపు బస్సుకి రా."

మళ్ళీ ఏడు మైళ్ళు. ఆమె వద్దనలేదు. తాళంచెవి అతని చేతికిచ్చింది. జోసఫ్ దాన్ని పెట్టాడు… తిప్పబోయి, ఆగాడు. రోడ్డు చివర చూస్తున్నాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

గొంతు తగ్గించి అన్నాడు —

"కొంగు ఇంకాస్త ముందుకి లాక్కో అమ్మా… ఇంకో సైకిలొస్తోంది."