యమునను ఆ ఇంటికి పంపను

“అమ్మా! ఏటయిందే నీకు!... నాన్నా, బేగి రా!”

కూతురు యమున కేక విని, మగ్గం మీదున్న ధనరాజ్ పరుగున వచ్చేసరికి నీలవేణి రాట్నం పక్కనే ఒరిగిపోయి ఉంది. ఒళ్లంతా చెమట... దవడ నుంచి భుజం దాకా పట్టేసిన నొప్పి... ఊపిరి అందక గిలగిల్లాడుతోంది! గుమ్మం దగ్గర యమున బట్టల సంచి సర్ది ఉంది. పదో తరగతి మంచి మార్కులతో పాసైన పిల్లను శ్రీకాకుళంలో తమ ఇంట్లోనే ఉంచుకుని ఇంటర్ చదివిస్తామని నీలవేణి అక్క దాలమ్మ, బావ గిరిబాబు ముందుకొచ్చారు. ఆ మాట అనుకున్న నాటి నుంచీ నీలవేణి ఏదో ఒక వంక పెడుతూనే ఉంది. పొందూరులోనే చదవనీయమంది, హాస్టల్లో చేరుద్దామంది. “సొంత అక్క ఇల్లుండగా హాస్టలేటే?” అని ధనరాజ్ కొట్టిపారేశాడు. ఇప్పుడే వచ్చి పిల్లను తీసుకెళ్తానని బావ ఫోన్ చేశాడు. ఆ ఫోన్ పెట్టేసిన మరుక్షణమే నీలవేణి కుప్పకూలింది!

ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చారు. గుండెపోటేనని, సమయానికి తీసుకొచ్చారు గనుక ప్రాణానికి భయం లేదని డాక్టర్ ఝాన్సీ చెప్పింది. మర్నాడు ఉదయం ఆమె అందరినీ బయటికి పంపి, మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

“నీలవేణిగారూ, మీకు షుగర్ లేదు. చుట్ట అలవాటూ లేదు. మీ పుట్టింట్లో గుండె జబ్బున్న వాళ్లూ లేరు. బీపీ మాత్రం ఏళ్లుగా ఉన్నట్టుంది. నిద్ర పడుతుందా?”

“నేదమ్మా... సిన్నప్పటి నుంచీ అంతే. తలుపు సప్పుడైతే సాలు, గుండె దడదడలాడిపోతాది.”

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. “చెప్పాలనిపిస్తేనే చెప్పండి. చిన్నతనంలో మీ మీద ఎవరైనా... అఘాయిత్యం చేశారా?”

నీలవేణి మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఇన్నేళ్ల బతుకులో ఆ మాట ఆమెను అడిగిన వాళ్లే లేరు! కన్నీళ్లు దిండులోకి ఇంకిపోతుండగా అడిగింది. “అది జరిగి ఎన్నాళ్లో అయిపోనాదమ్మా... దానికీ ఈ గుండెకీ సమ్మందం ఏటి?”

“అదొక్కటే కారణమని తేల్చి చెప్పలేను. కానీ అలాంటి బాధ పడ్డ ఆడవాళ్లకు పెద్దయ్యాక బీపీ, గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. భయంతో గడిపిన ఏళ్లన్నీ ఒంటిని అరగదీస్తాయి తల్లీ! అలాగని ఇది తలరాత కాదు. మందులు వేసుకోండి, నడవండి. మనసులో ఉన్నది నమ్మకమైన వాళ్లకు చెప్పుకోండి. జరిగిన దాంట్లో మీ తప్పు ఇసుమంత కూడా లేదు.”

మీ తప్పు లేదు! అంత చిన్న మాట వినడానికి ఆమెకు జుట్టు నెరిసేదాకా పట్టింది... పావడా జాకెట్టు వేసుకునే వయసులో, అక్క రెండో కాన్పుకి సాయంగా ఆ ఇంటికి వెళ్లింది తను. అక్క ఆసుపత్రిలో పురుడు పోసుకుంటుంటే, ఇంట్లో బావ... ఒకసారితో ఆగలేదు. వెళ్లిన పిల్ల వేరు, తిరిగొచ్చిన పిల్ల వేరు. ధనరాజ్ మంచివాడే అయినా, చీకట్లో అతని చెయ్యి తగిలినా ఉలిక్కిపడే భార్యను చూసి ఎందుకని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు తన కూతురు యమున కూడా అదే గుమ్మంలోకి అడుగు పెట్టబోతోంది!... నీలవేణి కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం దాలమ్మ, గిరిబాబు చూడ్డానికి వచ్చారు. నీలవేణి తల్లి అమ్మడు మంచం చివర కూర్చుని కూతురి కాళ్లు పడుతోంది. గిరిబాబు బత్తాయిల సంచి కింద పెట్టి, “నువ్వేటీ బెంగెట్టుకోకు మరదలా. యమునని ఇలాగే మాతో అట్టుకెల్లిపోతాం. సొంత కూతుర్నాగ సూసుకుంటాను” అంటూ పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు.

“ఆ సెయ్యి తియ్యి!”

వార్డంతా ఇటు తిరిగింది. నీలవేణి మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. “నా గుంట మీంచి సెయ్యి తియ్యమన్నానా! నన్ను సేసింది సాల్నేదేటి నీకు? అక్కకి పురుడొచ్చినప్పుడు నన్నేటి సేసినావో అందరికీ నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?”

గిరిబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. “మ... మందుల మత్తులో ఏటేటో వాగతన్నాది...”

“ఒసే నీలా!” దాలమ్మ గుండెలు బాదుకుంది. “ఇన్నాళ్లకి ఇప్పుడెందుకే ఈ మాట? నా కాపరం కూల్చీడానికా!... అమ్మా, నువ్వయినా సెప్పవే దీనికి!”

అమ్మడు చేతులు కూతురి పాదాల మీదే ఆగిపోయాయి. ముసలి కళ్ల నుంచి ధారలు... “అది నిజమే సెప్తన్నాదే దాలీ! ఆయేల ఇంటికొచ్చి నా ఒళ్లో పడి ఏడ్సింది. అక్క కాపరం పోతాదనీసి నానే దాని నోరు నొక్కీసినాను. ఒక కూతుర్ని నిలబెట్టడానికి ఇంకో కూతుర్ని పాతీసినానే తల్లీ!...”

దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి నడిచింది. గిరిబాబు ఆమె కంటే ముందే జారుకున్నాడు.

నీలవేణి భయం భయంగా భర్తవైపు చూసింది. ధనరాజ్ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయాడు. ఏమంటాడో... ఇన్నాళ్లూ దాచావంటాడా? నీ మొహం చూడనంటాడా? అతను నెమ్మదిగా వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

“నన్ను సూస్తే నీకు పడదనుకున్నాను నీలా... ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను” అని, ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగాడు. “అట్టుకోనా?”

నీలవేణి తనే అతని చేతిని అందుకుని మొహానికి ఆనించుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది! యమున వచ్చి ఇద్దరినీ చుట్టేసింది.

యమున పొందూరులోనే కాలేజీలో చేరింది. నీలవేణి మాత్రలు తప్పకుండా వేసుకుంటోంది. పొద్దున్నే భర్తతో కలిసి ఊరి చివరి దాకా నడుస్తోంది. డాక్టర్ ఝాన్సీ చెప్పిన కౌన్సెలింగ్‌కు వెళ్లి, మొదట్లో ఏడుపు తప్ప మాట రాకపోయినా, మానకుండా వెళ్తూనే ఉంది. తల్లి మీద కోపం మాత్రం తగ్గలేదు. తగ్గినట్టు నటించనూ లేదు. “నన్నప్పుడే క్షమించమని అడక్కే అమ్మా. నాకు టైము పడతాది” అని మొహం మీదే చెప్పేసింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం దాలమ్మ తడిసి ముద్దై గుమ్మంలో నిలబడింది. మనిషి సగమైపోయింది.

“మా మేడ మీద అద్దెకుండే సదువుకునే గుంట ఆమధ్య సెప్పకుండా కాళీ సేసి పోనాది. నువ్వన్న మాట సెవిలో తిరగతా ఉంటే, ఆ పిల్లని ఎతుక్కుంటా ఎల్లినాను సెల్లీ... నన్ను సూసి భోరుమన్నాది!” దాలమ్మ గుమ్మంలోనే కూలబడింది. “నా ఇంట్లోనే... నా కళ్ల ముందే! నువ్వు గుండె పగిలి సెప్తే, నిన్నే తిట్టి పోనానే!”

నీలవేణి తువ్వాలు తెచ్చి అక్క తల తుడిచింది. “ఆ గుంట కేసెడతాదా?”

“ఒక్కద్దాన్నే రాలేనంతన్నాది. నీ సంగతి సెప్పినాను, నువ్వొస్తే వస్తాదట.”

“నడు మరి!”

మర్నాడే ముగ్గురూ శ్రీకాకుళం మహిళా పోలీసు స్టేషన్‌కు వెళ్లారు. మధ్యలో ఆ పిల్ల, అటూ ఇటూ అక్కచెల్లెళ్లు. మెట్ల దగ్గర నీలవేణికి ఆయాసం వచ్చింది. కూర్చోమంది అక్క. “కూకోను” అని, ఆగి ఊపిరి తీసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కింది. లోపల కుర్చీలో ఉన్న మహిళా ఎస్సై ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“చెప్పండమ్మా. ఫిర్యాదు ఎవరి మీద?”

పిల్ల నీలవేణి వెనక్కి జరిగింది. నీలవేణి నోరు తెరవబోయింది. అంతలో దాలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

“నా మొగుడి మీదమ్మా” అంది స్థిరంగా. “రాసుకోండి. పేరు నాను సెప్తాను.”