వర్షావాసంలో నల్లులు

తెల్లవారుజామున పట్టిన వాన అప్పుడే వెలిసింది. యాంగోన్ నగరంలోని ఆ ఇరుకు వీధిలో మేడల వసారాల నుండి వ్రేలాడే తాళ్ల చివర గంటలు ఒకటొకటిగా మ్రోగసాగాయి. పత్రికలవాడు ఒక తాడు లాగాడు. కూరలమ్మే ఆమె మరొకటి లాగింది. రెండవ అంతస్తులో నివసించే డో సేన్, మూడవ అంతస్తు నుండి తన వసారా ముందుకు దిగిన తాడును అందుకొని, దాని బుట్టలో వేడి మోహింగా గిన్నెను పదిలంగా అమర్చి గంట మ్రోగించింది. చేపల పులుసులో నానిన బియ్యపు సేమ్యా పరిమళం పై అంతస్తుకు చేరడం మూడేళ్లుగా ఏనాడూ తప్పని ఆనవాయితీ.

"యమిన్, బుట్ట లాగవే. చల్లారితే నీచు వాసన కొడుతుంది."

పై వసారా కమ్ముల మధ్య నుండి నాలుగేళ్ల ముఖం ఒకటి తొంగిచూసింది. రెండు బుగ్గలమీదా, మెడమీదా, మోచేతుల దాకా చెట్టుబెరడు అరగదీసిన థనకా లేపనం దట్టంగా పూసి ఉంది.

"అమ్మమ్మా, గుడ్డు వేశావా?"

"రెండు వేశాను. ఒకటి మీ నాన్నకి. రాత్రంతా అచ్చుయంత్రం దగ్గర నిలబడి వచ్చాడు పాపం. రెండూ నువ్వే మింగితే నాకు తెలుస్తుంది."

"ఎలా తెలుస్తుంది?"

"నీ పొట్ట చెబుతుంది."

డో సేన్‌కు అరవై ఎనిమిదేళ్లు. సంతానం కలగలేదు. భర్త ఊ బా టిన్ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి, ఆరేళ్ల క్రితం కాలం చేశాడు. ఆయన సంపాదించిన రెండు అంతస్తులలో ఒకటి తనకు ఉంచుకొని, రెండవది అద్దెకిచ్చింది. జేయా, థిరి దంపతులు ఆ ఇంటికి వచ్చేనాటికి యమిన్ ఏడాది పిల్ల. ఆ పిల్ల తొలి అడుగులు పడింది డో సేన్ నట్టింట్లోనే. అప్పటినుండి అద్దెకిచ్చినామె, అద్దెకున్నవారు అన్న భేదం ఆ మెట్లమీద ఎక్కడో జారిపోయింది.

ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి ఆనాడు థిరి స్వయంగా దిగివచ్చింది. గడప దగ్గరే నిలబడి గిన్నెను ఈ చేతి నుండి ఆ చేతికి మార్చుకుంటున్నది.

"పెద్దమ్మా, మీకు శ్రమ అనుకోకపోతే ఒక మాట."

"అనుకోనులే. ముందు కూర్చో."

"అదే... గదిలో నల్లులు. మందు కొట్టేవాణ్ణి పిలిపిస్తే..."

డో సేన్ ముఖంలోని వెలుగు తగ్గింది. ఈ మాట వినడం ఇది మూడోసారి. "థిరీ, నీకు తెలుసుగా. వర్షావాసం మూడు నెలలూ నేను అష్టశీలాలు పట్టాను. నలభై ఏళ్లలో ఒక్క ఏడాదీ తప్పలేదు. ప్రాణం తీయను, తీయించను. ఇంకో నెలే కదా. పున్నమి వెళ్లిన మర్నాడు నువ్వు ఏ మందు కొట్టించుకున్నా నేను అడగను."

"నెల ఆగలేం, పెద్దమ్మా."

"ఈ ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఉన్నాను. ఒక్క నల్లిని చూసి ఎరగను. ఎక్కడినుంచి వచ్చాయంటావు?"

థిరి తల వంచుకున్నది. 

ఆ మౌనాన్ని డో సేన్ మరొక విధంగా అర్థం చేసుకున్నది. "నేను చెప్పనా? వీధిలో ప్రతివాళ్ల రవికలూ తెచ్చి కుడతావు. కొలతకని ఇచ్చిన పాత బట్టలు మూటలు కట్టి మూల పడేస్తావు. ఎవరి ఒంటిమీద ఏముందో ఎవరికి తెలుసు?"

అన్న తరువాత ఆమెకే ఆ మాట చేదుగా తోచింది. అప్పటికే థిరి చేతిలోని గిన్నె బల్లమీదికి చేరింది.

"అయితే మేం ఇల్లు మారతాం, పెద్దమ్మా. ఈ ఆదివారమే."

"వర్షావాసంలో ఇల్లు మారతావా? భిక్షువులే ఉన్నచోటు కదలరు. ఈ మూడు నెలలూ ఎవరైనా సామాను ఎత్తుతారా? మీ అమ్మ నీకు ఇదేనా నేర్పింది?"

"మా అమ్మ చాలా నేర్పింది. అందుకే ఇన్నాళ్లు ఊరుకున్నాను." థిరి తల ఎత్తింది. "మీ పుణ్యానికి అడ్డం రావడం నాకు ఇష్టం లేదు. కాని ఆ పుణ్యానికి నెత్తురు ఇచ్చేది నా పిల్ల."

డో సేన్ తల అడ్డంగా ఊపింది. "పిల్లకేం? పొద్దున చూశానుగా. వెన్నముద్దలా ఉంది."

థిరి గిరుక్కున తిరిగి మెట్లెక్కిపోయింది.

మధ్యాహ్నం కుట్టిన రవికలు అందజేయడానికీ, తెలిసినవారు చెప్పిన ఒక గది చూసిరావడానికీ థిరి బయలుదేరింది. ఎంత అలిగినా యమిన్‌ను ఎప్పటిలాగే డో సేన్ గుమ్మంలో దింపి, "పైన వాళ్ల నాన్న నిద్రపోతున్నాడు. గంటలో వస్తాను" అని మాత్రం చెప్పింది. డో సేన్ కూడా, "గొడుగు పట్టుకెళ్లు" అని మాత్రం అన్నది.

ఆ గంట డో సేన్‌కు భారంగా గడిచింది. ఆదివారం తరువాత యమిన్ పరచిన ఈ బొమ్మలు ఇక్కడ ఉండవు. గుడ్డు వేశావా అని అడిగే గొంతు ఉండదు. చింతపండు రసం త్రాగుతున్న యమిన్ గిన్నె ఒలకబోసుకొని గొంతు నుండి మోకాళ్ల దాకా తడిసిపోయింది.

"రా, నీళ్లు పోస్తాను."

"వద్దు. అమ్మే పోయాలి."

"మీ అమ్మ నీళ్లు తేనెతో చేసినవా? రా."

చెంబుతో నీళ్లు పోయగానే థనకా లేపనం పాలలాగా కరిగి కాలువలోకి జారింది. దాని అడుగున ఉన్నది చూసి డో సేన్ చేయి ఆగిపోయింది. మెడ వెనుక, భుజాలమీద, చేతుల వెంట ఎర్రని దద్దుర్లు బారులు తీరి ఉన్నాయి. కొన్ని గోకుడుకు చిట్లి, నల్లని పక్కులు కట్టాయి. రోజూ తన చేతులతో నిమిరే చర్మం అది. ఆమె నిమిరింది మాత్రం లేపనాన్ని.

"ఇవి ఎప్పటినుంచి, తల్లీ?"

"చాలా రోజుల్నుంచి. చూపించొద్దంది అమ్మ. నువ్వు చూస్తే బాధపడతావట."

"నేనెందుకు బాధపడతాను?"

"మంచం నీ తాతయ్యది కదా. అవి మంచంలోంచి వస్తాయి."

"నా తాతయ్యది కాదే. నా మొగుడిది" అన్నది డో సేన్ అప్రయత్నంగా. అంతలో ఆ మాటలోని తక్కిన సగం ఆమెకు అందింది.

ఊ బా టిన్ పడుకొన్న టేకు మంచం అది. ఆయన పోయాక చూడలేక, తమ్ముడు నడిపే బాటసారుల బసకు పంపించింది. ఈ ఏటి వ్రతారంభాన, తాను నేలమీద శయనించే కాలంలో ఆ మంచం పసిబిడ్డకు ఉపయోగపడితే భర్తకు పుణ్యం దక్కుతుందని తలచి, తిరిగి తెప్పించి మూడవ అంతస్తుకు ఎక్కించింది. ఎందరెందరో అపరిచితులు పడుకొని లేచిన మంచం. రెండు వారాలకు థిరి మొదటిసారి నల్లుల మాట ఎత్తింది. ఎక్కడినుంచి వచ్చాయంటావు అని తాను నిలదీస్తే, నీ మంచంలోనుంచి అనలేక ఆ పిల్ల తల వంచుకున్నది.

తుడిచిన పిల్లను చంకనెత్తుకొని డో సేన్ మెట్లెక్కింది. జేయా నిద్రకళ్లతో తలుపు తీశాడు. వంటింటి గుమ్మం దగ్గర చాప పరచి ఉంది. గదిలో మంచంమీద దుప్పటి ఒక్క ముడతైనా లేకుండా సర్ది ఉంది.

"మీరు మంచంమీద పడుకోవడం లేదా, అబ్బాయ్?"

జేయా లుంగీ ముడి సవరించుకుంటూ నేలకేసి చూశాడు. "నెలన్నరైంది, పెద్దమ్మా. కిందికి దిగినా అవి వెతుక్కుంటూ వస్తున్నాయి. మంచం బయట పెట్టేద్దామంటే థిరి ఒప్పుకోదు. రోజూ దుప్పటి మాత్రం సర్దుతుంది. మీరెప్పుడైనా వచ్చి చూస్తే మనసు కష్టపెట్టుకుంటారని."

ఆమె వంగి పరుపు అంచు ఎత్తింది. చెక్కల అతుకులలో నల్లని చుక్కలు ఆవాలు చల్లినట్లున్నాయి. డో సేన్ పరుపును మెల్లగా దించింది. తాను కాపాడిన ప్రాణులు ఇవి. ఇన్నాళ్లు తాను కరుణ అనుకున్నదానిలో, నలభై ఏళ్లుగా చెడని వ్రతం అని చెప్పుకోవడంలోని ముచ్చట ఎంత, నిజమైన దయ ఎంత అని విడదీసి చూసుకొనే సాహసం ఆమెకు ఆ క్షణం వరకు కలుగలేదు.

థిరి తిరిగివచ్చేసరికి డో సేన్ మెట్లమీద కూర్చొని ఉన్నది. ఒడిలో యమిన్ నిద్రపోతున్నది. ఒంటిమీద లేపనం లేదు. థిరికి అంతా అర్థమైంది.

"గది ఎలా ఉంది?" అని అడిగింది డో సేన్.

"గాలి రాదు, పెద్దమ్మా."

"గాలి వచ్చినా వెళ్లనివ్వను. పొద్దున నేనన్న మాట... నీ కుట్టుబట్టల గురించి. అది నా నోట రావలసిన మాట కాదు. మనసులో పెట్టుకోకు, తల్లీ. మందు కొట్టేవాణ్ణి రేపు రమ్మన్నాను."

థిరి గాబరాపడి ఆమె పాదాల దగ్గర కూర్చుండిపోయింది. "మీరెందుకు పిలిచారు? మీ వ్రతం ఏం కావాలి? నేను పిలుస్తాను. ఆ పాపం నాకు రానీ."

"పిల్లతల్లివి, నీకెందుకే పాపం? ముసలిదాన్ని, నేను మోస్తాను."

"మీరే మోయాలని ఎక్కడుంది?"

పైనుండి జేయా తల బయటపెట్టాడు. "పోనీ నా పేర వేయండి. మా ప్రెస్సులో యజమాని తప్పులన్నీ నా పేరనే వేస్తాడు. అలవాటే."

థిరి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. డో సేన్ నవ్వబోయి ఏడ్చింది.

ఆ సాయంకాలం ఆమె బుద్ధ ప్రతిమ ముందు మోకరిల్లి, దీపం సరిచేసి, స్పష్టంగా విన్నవించుకున్నది. "ప్రభూ, నేను పట్టిన శీలాలలో మొదటిదానిని, ప్రాణం తీయనన్నదానిని, ఈ రోజు దించుతున్నాను. చాటుగా కాదు, తెలిసే చేస్తున్నాను. చేయించేది నేను. ఫలితం నాది."

మందు కొట్టే ఊ ఫో సా మరునాడు ఉదయమే వచ్చాడు. వీపున డబ్బా తగిలించుకొని, గుమ్మంలో నిలిచి చేతులు జోడించి గదితో మాట్లాడాడు. "వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోండి. అరగంట ఆగుతాను."

"వెళతాయా?" అని అడిగింది డో సేన్.

"ఇంతవరకు ఒక్కటీ వెళ్లలేదమ్మా. కాని చెప్పకుండా మొదలుపెట్టడం నాకు బాగుండదు."

"ముప్ఫై ఏళ్లలో నేను ఖాళీ చేయమన్నది వీటినే" అన్నది ఆమె.

మంచం మాత్రం మందుకు లొంగదన్నాడతడు. అతుకులు విప్పి, మరిగే నీళ్లు పోయాలట. జేయా మేకులు ఊడదీశాడు. థిరి కెటిల్ అందుకోబోతే డో సేన్ ఆమె చేయి పట్టుకొని ఆపింది.

"మంచం నాది. మొదట నేను పోస్తాను."

పొగలు కక్కే నీటి ధార టేకు సందులలోకి దిగింది. నలభై ఏళ్లు ఆయన ఊపిరి విన్న చెక్క. ఆమె పెదవులు కదిలాయి. క్షమాపణ కోరుకున్నది భర్తనో, ఆ అల్పప్రాణులనో చూస్తున్నవారికి తెలియలేదు. కెటిల్ ఖాళీ అయ్యేదాకా ఆమె చేయి దించలేదు. తరువాత థిరి ఆ చేతిని తన రెండు చేతులలోకి తీసుకొని చాలాసేపు వదలలేదు.

మందు వాసన పోయేదాకా మూడు రోజులు పైన ఉండరాదు. నలుగురూ కింది అంతస్తులోనే పడుకున్నారు. యమిన్ డో సేన్ చాపమీద అడ్డంగా సాగిలపడి, ఒక కాలు ఆమె పొట్టమీద వేసి నిద్రపోయింది.

తూరుపు తెలుపెక్కకముందే డో సేన్ లేచి, ఆ కాలును మెల్లగా తొలగించి, ప్రతిమ ముందు కూర్చున్నది. రోజూ ఈ వేళకు ఆమె చదివేది సమస్త ప్రాణులకు క్షేమం కోరే పాళీ పాఠం. దానిని నేడు పఠించే అర్హత తనకు ఉన్నదా అని సంశయించి, చివరకు సన్నని గొంతుతో ప్రారంభించింది. మూడవ గాథ దగ్గర తడబడి ఆగింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. మళ్లీ మొదటికి వెళితే గాని ముందుకు సాగదు.

చీకటిలో పక్కచాప నుండి మరొక గొంతు తరువాతి పదాన్ని అందించింది.

డో సేన్ వెనక్కి తిరిగి చూసింది. "నీకెలా వచ్చు?"

"నెలన్నరగా ఈ వేళకు మెలకువగానే ఉన్నాను, పెద్దమ్మా. పిల్లకు విసురుతూ. కిందినుంచి మీ గొంతు వినిపించేది. మీరు ఆగినప్పుడల్లా పైనుంచి అందించేదాన్ని. మీకు వినబడదుగా."

 డో సేన్ చాపమీద కొంచెం జరిగి, తన పక్కన అరచేతితో తట్టింది. థిరి లేచివచ్చి కూర్చున్నది.

"మొదటినుంచి చదువుదామా?"

"వద్దు" అన్నది డో సేన్. "నువ్వు అందించిన చోటినుంచే."